అక్షరాలు మారిన త్రిభుజం

చిత్తూరులో మా ప్రార్థన మందిరం వెనక గదిలో, సాయంకాలాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. అది సంఘం పని, జీతం లేదు. మొన్న వేసవిలో ఒక్క పిల్లే వచ్చేది. లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీకి కట్టింది. ఈసారీ పోతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి పెడతానని వాళ్ళ నాయన చెప్పేశాడు. ఆమెకేమో ఇంటర్ చదవాలని.

ఆదివారం బడిలో బైబిల్ కంఠత వాక్యాల బహుమతి ఎప్పుడూ ఆమెదే. చిన్నపిల్లలకు కథలు చెప్పేదీ ఆమే. త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీత గీస్తే మిగతా రెండు భుజాలూ ఒకే నిష్పత్తిలో తెగుతాయన్న సిద్ధాంతాన్ని, నిరూపణతో సహా, ఒకరోజు నా ముందు చేతులు కట్టుకొని కళ్ళు మూసుకొని ఒప్పజెప్పింది. చివర పేజీ నంబరు కూడా చెప్పింది, వాక్యానికి అధ్యాయం చెప్పినట్టు.

బోర్డు మీద ఏ, బీ, సీ చెరిపి పీ, క్యూ, ఆర్ అని రాశాను. ఆమె పుస్తకంలో ఆ పేజీ తీసి చూసింది.

"అక్కా, ఇది మనకు లేదు."

"అదే త్రిభుజం కదమ్మే."

"అక్షరం మార్చకూడదు గదా. వాక్యంలో మారిస్తే పాపమని నువ్వే చెప్పినావు."

చెప్పిన మాట నిజమే. ఇప్పటికీ నా నమ్మకం అదే. ఏం చెప్పాలో ప్రభువును అడిగాను. అంతకు ముందు ఆదివారం గుర్తొచ్చింది.

"తప్పిపోయిన గొర్రె కథ పిల్లకాయలకు ఎట్ల చెప్పినావు?"

ఆమె తల దించుకుంది. "మేక అని చెప్పినా. వాళ్ళ ఇండ్లల్లో ఉండేది మేకలే. తిట్టొద్దక్కా."

"మేక అన్నావని కాపరి వెతకడం మానేసినాడా?"

"లేదు."

"వాక్యం చదివేటప్పుడు అక్షరం మార్చొద్దు. అర్థం చెప్పేటప్పుడు మేకనైనా పెట్టు. ఈడ నువ్వు చెప్పాల్సింది అర్థం."

ఆమె సుద్దముక్క తీసుకుని తన మాటల్లో మొదలుపెట్టింది. సగంలో తప్పింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ రోజు నుంచి రోజుకో రకం అక్షరాలు పెట్టాను.

పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర వాళ్ళ నాయన పక్కనే నిలబడ్డాను. పిల్ల బయటికొచ్చింది.

"సిద్ధాంతం ఇచ్చినారక్కా. అక్షరాలు ఎల్, ఎమ్, ఎన్."

"మరి ఏం చేసినావు?"

"మేకను తోలుకొచ్చినా."

"లెక్కల పరీక్షలో మేక యాడిదిమే?" అన్నాడు వాళ్ళ నాయన.

ఫలితాలు వచ్చాక ఆదివారం ఆరాధనలో ఆయనే లేచి సాక్ష్యం చెప్పాడు. బిడ్డ పాసైందనీ, ఇంటర్‌లో చేర్పించాననీ, దేవునికి స్తోత్రమనీ. ఆ మేక సంగతి మాత్రం తనకు ఇంకా తెలియలేదన్నాడు.