ప్రభాకర్ పేరు మీద తెచ్చుకున్న మందు

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది మొదట్లో ఒక బంద్ రోజున నాకు జ్వరం వచ్చిందనుకున్నాను. పొద్దున లేచేసరికి ముక్కు కారుతోంది, ఆవలింత మీద ఆవలింత. మధ్యాహ్నానికి కాళ్ళలో ఎముకలు లాగడం మొదలైంది. ఒక పక్క చలి, ఒక పక్క చెమట. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది అది. యూనివర్సిటీలో క్లాసులు ఆగిపోయి మా హాస్టల్లో సగం గదులకు తాళాలు పడ్డాయి. ఊళ్ళకు పోనివాళ్ళం కొద్దిమందిమే మిగిలాం.

నా రూమ్మేట్ ప్రభాకర్ కూడా ఊరికి పోలేదు. మెదక్ దగ్గరి పల్లె వాళ్ళది. తండ్రి చర్చి బడిలో మాస్టారు. ఇతను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం, నాకన్నా రెండేళ్ళు చిన్న. ఆ రోజు మెస్ వంటమనిషిని బతిమాలి మిరియాల చారు కాయించి గ్లాసులో పట్టుకొచ్చాడు.

"తాగు కిష్టన్నా. ఫ్లూ లెక్కనే ఉన్నది. డాక్టర్ తానికి పోదామంటే అన్నీ బందున్నయి."

"డాక్టర్ ఏం వద్దు. తార్నాకల మెడికల్ షాపు తెరిచిన్రేమో చూసి రాపో."

"ఏం మందు తేవాలె?"

ఏం తేవాలో నాకు తెలుసు. మందు అయిపోయి ముందురోజు సాయంత్రం వేసుకోవాల్సిన సూది వేసుకోలేదు, అదీ నా జ్వరం. నా ఒంటికి ఏం జరుగుతోందో నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. గోడవైపు తిరిగి పడుకుని, నిద్రొస్తోంది పొమ్మన్నాను.

ఇదంతా మొదలైంది అంతకు ఏడాది ముందు. నేను ఎం.ఏ. ఎకనామిక్స్‌లో ఉండగా నడుములో రాయి నొప్పి వచ్చింది. రీనల్ కాలిక్, కిడ్నీలో రాయి అన్నారు. పడ్డవాళ్ళకే తెలుస్తుంది ఆ నొప్పి. నేల మీద దొర్లాను, అమ్మా నాయినా అని అరిచాను. ఆసుపత్రిలో పెథిడిన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఐదు నిమిషాల్లో నొప్పి పోయింది. దానితో పాటు ఇంకా చాలా పోయాయి. ఇంగ్లీషు సరిగా రాదన్న దిగులు, ఇంటి దగ్గర ఎండిపోతున్న బావి, ఆదివారం నాడు మాట్లాడే మనిషి లేకపోవడం, అన్నీ. "ఇది నొప్పి తట్టుకోలేనప్పుడు మాత్రమే. అలవాటు చేసుకోకు," అన్నాడు డ్యూటీ డాక్టర్. తలూపాను. అలవాట్లు చదువురానివాళ్ళకు అనుకున్నాను. ఏం తెలివో నాది!

నొప్పి వచ్చినప్పుడల్లా తార్నాకలో ఒక డాక్టర్ గారు చిట్టీ రాసిచ్చేవారు. నాలుగు నెలలకు రాయి పడిపోయింది. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు. నడుం పట్టుకుని మూలగడం నాకు బాగా వచ్చేసింది. సూది నేనే వేసుకోవడం కూడా నేర్చుకున్నాను. స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. వాళ్ళు తప్పుకోలేదు, నేనే తప్పించుకు తిరిగాను. సాయంత్రాలు అందరూ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుంటే నేను గది తలుపేసుకునేవాణ్ణి.

బంద్ అయిన మర్నాడు షాపు తెరిచారు, నా జ్వరం పావుగంటలో తగ్గింది. ప్రభాకర్ సంతోషపడి, "చూసినవా అన్నా, మిరియాల చారు పని చేసింది," అన్నాడు. నవ్వాను. కానీ లోపల భయం పట్టుకుంది. రేపు ఇంకో బంద్ వస్తే? వారం రోజుల బంద్ వస్తే? నాలుగు సూదులు దాచుకోవాలి. నా పేరు మీద వారానికి ఒక చిట్టీకే మందు ఇస్తారు.

మా వరండాలో ఒక పద్ధతి ఉండేది. తార్నాకకు ఎవరు దిగితే వాళ్ళు అందరి మందుల చిట్టీలూ తీసుకుపోయేవాళ్ళు. ఒకడి దగ్గు మందు, ఇంకొకడి విరేచనాల గోళీలు. షాపులో రిజిస్టర్ మీద చిట్టీ ఎవరిదైతే వాళ్ళ పేరే, తెచ్చినవాడు సంతకంగా పెట్టేవాడు. షాపాయనకు మేమందరం తెలుసు, మమ్మల్ని నమ్మేవాడు, ఎవరు ఎవరి చిట్టీ తెస్తున్నారో పట్టించుకునేవాడు కాదు. ఆ నమ్మకాన్ని నేను వాడుకున్నాను. డాక్టర్ గారి చేతిరాత చూసి చిట్టీ రాశాను. పేరు దగ్గర 'జె. ప్రభాకర్' అని రాశాను. అట్లా నెలన్నర సాగింది.

క్లాసులు లేక మాకు పొద్దు పోక, ఆ రోజుల్లోనే మెస్‌లో వక్తృత్వ పోటీ పెట్టారు. మత్తుమందుల మీద నిషేధం ఎత్తేస్తే నేరాలు, వ్యసనం తగ్గుతాయా అన్నది విషయం. తగ్గుతాయని నేను మాట్లాడాను, జేబులో సూది పెట్టుకుని. "నల్లమందు తినేవాడికి సర్కారే పర్మిట్ పుస్తకం ఇచ్చి, దుకాణం పెట్టి అమ్ముతున్నది. వాడు ఎవరింటికి కన్నమేస్తున్నడు? మూసిన తలుపే దొంగను పుట్టిస్తది," అన్నాను. చప్పట్లే చప్పట్లు. నాలోని ఆకలి మాట్లాడుతుంటే అందరూ నా తెలివనుకున్నారు.

ఎదురు పక్షంలో మాట్లాడింది ప్రభాకర్. వాడికి మాటలు తక్కువ. "మా మామ సారా తాగి సచ్చిపోయిండు. దొంగసారా గాదు, సర్కారు లైసెన్సు దుకాణంలనే తాగిండు. గంతే నాకు తెల్సింది," అని కూర్చున్నాడు. నేనే గెలిచాను. గదికొచ్చాక వాడు, "మంచిగ మాట్లాడినవ్ అన్నా," అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

పది రోజుల తర్వాత మందుల షాపుల రిజిస్టర్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ ఒకాయన హాస్టల్‌కు వచ్చాడు. వార్డెన్ గారు మమ్మల్నందరినీ ఆఫీసు గదికి పిలిచారు.

"జె. ప్రభాకర్ ఎవరయ్యా?"

"నేనే సార్."

"నీకేం రోగం? గిన్ని పెథిడిన్ ఇంజెక్షన్లు ఎందుకు?"

ప్రభాకర్‌కు ఆ మందు పేరే తెలియదు. చొక్కా చేతులు మడిచి చూపించమన్నారు. చూపించాడు. ఒక్క మచ్చ లేదు. "అయితే అమ్ముకుంటున్నవన్నట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పుడు ప్రభాకర్ నావైపు చూశాడు. మండే ఎండల్లో నేను పొడుగు చేతుల చొక్కా వేసుకుని నిలబడ్డాను. వాడికి అంతా అర్థమైంది, ఆ సంగతి నాకూ తెలిసింది.

"నాకు తెల్వది సార్," అన్నాడు తల దించుకుని.

నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. రెండు రోజుల్లో వాడు నిజం చెప్పకపోతే హాస్టల్ ఖాళీ చెయ్యాలని, వాళ్ళ నాయినకు ఉత్తరం రాస్తానని వార్డెన్ అన్నారు. ఆ రెండు రోజులూ మేమిద్దరం ఒకే గదిలో ఉన్నాం. వాడు నన్ను ఒక్క మాట అడగలేదు. నేను చెబుతానని ఎదురుచూశాడనుకుంటాను. నేనేమో దాచుకున్న సూదులు అయిపోయేదాకా చూద్దామనుకున్నాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, అయినా నిజం అదే. మూడో రోజు పొద్దున వాడు పెట్టె సర్దుకుని బస్సెక్కి ఊరికి వెళ్ళిపోయాడు.

ఖాళీ మంచం చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తర్వాత వార్డెన్ గారి దగ్గరకు వెళ్ళి చొక్కా చేతులు మడిచి చూపించాను.

"గిది మొన్న చెప్తే ఏం పోయిందిరా నీకు? వాళ్ళ నాయినకు నిన్ననే ఉత్తరం ఏసిన," అన్నారు. వెంటనే కూర్చుని ఇంకో ఉత్తరం రాశారు. ఇన్‌స్పెక్టర్‌తో ఏం మాట్లాడారో నాకు తెలియదు గానీ, నన్ను జైలుకు పంపలేదు. స్వయంగా రిక్షాలో కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్ళి అడ్మిట్ చేశారు.

డోస్ మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. ఎంత మెల్లగా అయినా విత్‌డ్రాయల్ విత్‌డ్రాయలే. వాంతులు, కడుపులో మెలికలు, ఒళ్ళంతా గగుర్పాటు. కాళ్ళు నా మాట వినకుండా మంచాన్ని తన్నేవి. "శరీరం రెండు వారాల్లో మరిచిపోతుంది. బుర్ర మరిచిపోదు. దానితో జాగ్రత్త," అన్నారు పెద్ద డాక్టర్ గారు. నాలుగింటికి విజిటర్లు వచ్చేవాళ్ళు. అందరి మంచాల దగ్గరా మనుషులు, క్యారియర్లు, బత్తాయిలు. నా మంచం దగ్గర స్టూలు ఖాళీగా ఉండేది. దాన్ని పక్కవాళ్ళు అడిగి తీసుకుపోయేవాళ్ళు. ఇంటికి కబురు చేయవద్దని బతిమాలింది నేనే, మళ్ళీ ఎవరూ రాలేదని ఏడ్చిందీ నేనే.

పక్క మంచం మీద రాజయ్య అని లాలాపేట్ ముసలాయన, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. ఆయన నల్లమందు పుస్తకం ఉన్న మనిషి. డాక్టర్ల అనుమతితో రోజూ పొద్దున కొడుకు తెచ్చి సిస్టర్‌కు ఇస్తే, ఆమె శనగగింజంత ఉండను ఆయన చేతిలో పెట్టేది. ఆయన నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. నేను చూస్తూ నా దుప్పటి కొరుక్కునేవాణ్ణి.

"నువ్వు అదృష్టవంతుడివి తాతా. నాకూ గా పుస్తకం ఉంటే దొంగ చిట్టీ రాయకపోదును," అన్నాను ఒకరోజు.

"నిజమే బిడ్డా. నేను ఎన్నడు దొంగతనం చెయ్యలే, ఒకని తాన చెయ్యి చాపలే." దిండు సర్దుకుని అన్నాడు, "గని ముప్పై ఏండ్లసంది గీ ఊరు దాటి ఎటు పోలే. నల్లమందు దొరికే దుకాణం గీడ, నా పుస్తకం గీడనే నడుస్తది. నా బిడ్డ బొంబాయిల కాన్పుకుంటే సూడ పోలే. అది కాన్పులనే పోయింది. నేను గాడ లేను."

వక్తృత్వ పోటీలో నాకు ఎవరూ ఇవ్వని జవాబు అది.

పదకొండో రోజు నా స్టూలు మీద ఒక మనిషి కూర్చున్నాడు. ప్రభాకర్. గదిలో మిగిలిన నా పుస్తకాలు, దుప్పటి మూట కట్టి తెచ్చాడు. ఏడుపు ఆగలేదు నాకు. వాడు అది అయ్యేదాకా ఆగాడు.

"వార్డెన్ సార్ రెండో ఉత్తరం అందింది. గని మొదటిది ముందుగాల వచ్చింది. మా నాయిన బళ్ళెనే చదివి కూలబడ్డడు. పిల్లలు సూస్తనే ఉన్నరు. ఊరంతా అయింది. రెండో ఉత్తరం ఎవ్వలు నమ్ముతలేరు." మూట ముడి బిగిస్తూ అన్నాడు, "టీసీ తీసుకున్న. నాగపూర్‌ల చిన్నాయిన తాన ఏదన్న కొలువు సూసుకుంట."

"వద్దు ప్రభాకర్, నేనొచ్చి మీ నాయినకు చెప్త. ఆయన కాళ్ళు మొక్కుత."

"ఒక్కటి చెప్పు అన్నా. వరండల పన్నెండుమందిమి ఉంటిమి. నా పేరే ఎందుకు రాసినవ్?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు. "నీ మీద ఎవ్వరికీ అనుమానం రాదని," అన్నాను.

వాడు లేచి మూట నా మంచం కిందికి నెట్టాడు. "మంచిగ గావాలె అన్నా," అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను వాణ్ణి చూడలేదు. నాగపూర్ అడ్రసు సంపాదించి ఎన్నో ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

బయటికొచ్చాక అంతా బాగుపడిందనుకోకండి. రెండు నెలలకే గోల్నాకలో నన్నెరగని డాక్టర్ దగ్గరికి పోయి, రాని నొప్పికి మూలిగి ఒక సూది వేయించుకున్నాను. మర్నాడు నేనే దవాఖానకు పోయి చెప్పాను. పెద్ద డాక్టర్ గారు తిట్టలేదు. "చెప్పడానికి వచ్చావు చూడు, అదే ట్రీట్‌మెంట్," అని ఇంకో వారం ఉంచుకున్నారు. అదే ఆఖరు.

ఆలస్యంగానైనా చదువు పూర్తిచేసి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. భార్య పోయాక హబ్సిగూడలో రెండు గదుల్లో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఆ పాత ప్రశ్న వేస్తుంటారు, అనుమతిస్తే తగ్గుతాయా సార్ అని. నాకు తెలిసింది ఇంతే. రాజయ్యకున్నట్టు చేతిలో పుస్తకం ఉండి ఉంటే ప్రభాకర్ పేరు రాసేవాణ్ణి కాదు. చేతిలో పుస్తకం ఉండి ఉంటే ఇప్పటికీ ఆ సూది మానేవాణ్ణీ కాదేమో. చట్టం చేసేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించాలి. నాకంతకన్నా చేతకాదు.

నిరుడు మోకాలి ఆపరేషన్ అయింది. ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి కేస్ షీట్ రాసుకుంటుంటే, ఆమె అడగకముందే చెప్పాను. "అమ్మా, చదువుకునే రోజుల్లో నేను పెథిడిన్‌కు అడిక్ట్‌ని. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమిచ్చినా అది చూసుకుని ఇవ్వండి."

"ఇన్నేళ్ళయింది కద సార్, ఇంకా భయమా?"

"ఇంకా భయమే తల్లీ."

ఆమె రాసుకుని, వేరే మందులతో నెట్టుకొద్దాం అంది. నొప్పి గట్టిగానే వచ్చింది, ఓర్చుకున్నాను.

ఇది చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటే ఒకే మాట చెబుతాను. డాక్టర్ దగ్గరైనా, ఇంట్లోవాళ్ళ దగ్గరైనా, మీ గదిలో మీతో ఉండే మనిషి దగ్గరైనా, వాళ్ళు అడిగేదాకా ఆగకండి, మీరే ముందు చెప్పండి. చెప్పేటప్పుడు సిగ్గు ఒక్క నిమిషం ఉంటుంది. ఆ ఒక్క నిమిషానికి భయపడి నేను ప్రభాకర్‌ను పోగొట్టుకున్నాను.