సిలిండర్ హెడ్ కొనబోయి

మా పాత కారు ఇంజన్ వేడెక్కి, దాని మీద మూతలా ఉండే సిలిండర్ హెడ్ పాడైతే, సెకండ్‌హ్యాండ్‌ది కొందామని సత్తెనపల్లి నుంచి గుంటూరు ఆటోనగర్ వెళ్లాను. పాత సామాన్ల కొట్లలో మోసం చేస్తారని అందరూ చెబితే, ఫోన్‌లో వీడియోలు చూసి, హెడ్ వంగిందో లేదో ఆనించి చూడటానికి ఒక స్టీలు స్కేలు వెంట తీసుకెళ్లాను.

కొట్టు యజమాని గడ్డం నెరిసిన ముస్లిం పెద్దాయన. ఆయన చూపించిన హెడ్ మీద స్కేలు ఆనించి చూస్తే మధ్యలో సందు కనపడింది.

"వంగిపోయిన సరుకు అంటగడుతున్నారా?" అని నలుగురూ వినేలా అరిచాను.

ఆయన నా స్కేలు తీసుకుని వెలుతురుకేసి పట్టి చూశాడు.

"వంగింది హెడ్ కాదండి, మీ స్కేలు," అన్నాడు మెల్లగా. తన స్కేలు పెట్టి చూపించాడు. సందు లేదు. తర్వాత మసి తుడిచి, టార్చి వేసి, వాల్వు పక్కన వెంట్రుకంత పగులు తనే పట్టుకున్నాడు.

"ఇది మీకివ్వనండి," అని లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి, చూసుకోమని తన స్కేలు నా చేతికిచ్చాడు.

తల దించుకుని, చూడకుండానే ఆ హెడ్ తీసుకున్నాను. తప్పయిందని అనడానికి నోరు రాలేదు. "వస్తానండి" అని మాత్రం అన్నాను.

కారు ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. ఆటోనగర్‌లో పనిపడితే మాత్రం ఆ వీధి తప్పించి వెళుతుంటాను.