ఎర్త్ బాబాయి, మామగారి హారన్

వీధి మలుపులో చిన్న షెడ్డు. అందులో కార్లకు వైరింగు చేసే ఆయన్ని అందరూ ఎర్త్ బాబాయి అంటారు. లైటు వెలగకపోయినా, ఇంజను తిరగకపోయినా, ఆయన నోటి వెంట వచ్చే మొదటి మాట ఒకటే: "ముందు ఎర్త్ చూశావా?" కరెంటు వెళ్లడానికి తీగ ఉంటే చాలదని, తిరిగి రావడానికి దారి కావాలని, ఆ దారి బండి ఇనప ఒళ్లేనని, అడిగినవాడికీ అడగనివాడికీ పాఠం చెబుతాడు. ఊసుపోక వచ్చి కూర్చునేవాళ్లు కూడా ఆ పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పగలరు.

ఊరందరి కార్లూ ఆయన చేతికొచ్చాయి గానీ, సొంత మామగారి కారు మాత్రం రాలేదు. మామగారు జీవితమంతా డ్రైవరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ముచ్చటపడి కొనుక్కున్న ఆ పాత కారు స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనిస్తే ఒట్టు. అల్లుడి మీద కోపమేమీ కాదు, కారంటే ప్రాణం, అంతే. చూపు మందగించింది, ఇక నడపొద్దని డాక్టరు చెప్పాక కారు మీద గుడ్డ కప్పేసి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. బస్సెక్కడు, ఇంకొకరి బండెక్కడు, గేటు దాటడు.

కూతురు పోరగా పోరగా చివరికి కాస్త మెత్తబడ్డాడు.

"సరే, మీ ఆయన్ని బాగుచెయ్యమను. అన్నీ సరిగ్గా ఉంటేనే ఎక్కుతా. ఒక్కటి తేడా వచ్చినా గుడ్డ మళ్లీ కప్పేస్తా."

బాబాయి షెడ్డు మూసేసి మామగారి వాకిట్లో మకాం పెట్టాడు. తీగలన్నీ కొత్తవి లాగాడు. తుప్పు కనిపించిన చోటల్లా గీకి, రెండేసి పూతలు నల్ల పెయింటు వేశాడు. కారు ముందు జాలీ వెనక ఎవరి కంటా పడని, హారన్‌ను కారుకు పట్టి ఉంచే ఇనప పట్టీని కూడా వదల్లేదు. నోటితో చెప్పలేని ప్రేమంతా బ్రష్షుతో పూశాడు పాపం. లైట్లు వెలిగాయి, ఇంజను గురగురలాడింది. మామగారు కుర్చీలోంచే చెవులు రిక్కించి వింటున్నాడు. ఇక మిగిలింది హారన్. బాబాయి భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

"ఊఁ, కొట్టు."

హారన్ ఉలకలేదు, పలకలేదు.

"గట్టిగా నొక్కవే."

"నొక్కుతూనే ఉన్నానండీ. వేలు వాచిపోతోంది."

ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. ఆమె నొక్కినప్పుడల్లా హారన్‌కు కరెంటు వదిలే రిలే టక్కుమంటోంది. తీగలో కరెంటు ఉందో లేదో చెప్పే టెస్టు లైటు క్లిప్పు బ్యాటరీకి తగిలించి, హారన్ తీగకు మొన ఆనిస్తే బల్బు భేషుగ్గా వెలిగింది. హారన్ ఊడదీసి నేరుగా బ్యాటరీకి కలిపితే పక్కింటివాళ్లు బయటికొచ్చేంతగా అరిచింది. మళ్లీ కారుకు బిగిస్తే చడీచప్పుడూ లేదు.

"బయట పులి, ఇంట్లో పిల్లి. అచ్చం మీలాగే," అంది భార్య.

మామగారు కుర్చీలో అసహనంగా కదిలాడు. "నా చేతిలో ఉన్నన్నాళ్లూ అది ఒక్కసారి కూడా మొరాయించలేదు," అన్నాడు. ఆయన చెయ్యి పక్కనే మడతపెట్టి ఉన్న గుడ్డ మీదికి పోయింది.

బాబాయి మళ్లీ వంగి చూశాడు. నిగనిగలాడుతున్న పట్టీ కంటపడగానే స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. హారన్‌కు ఎర్త్ అందేది ఆ పట్టీ గుండానే. పట్టీకీ పెయింటు వేశాడు, అది కారును ఆనే చోటా వేశాడు. పెయింటు లోంచి కరెంటు పోదు. టెస్టు లైటుకు బ్యాటరీ దాకా సొంత దారి ఉంది కాబట్టి అది వెలిగింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తానే పోయి కుడితిలో పడింది.

తప్పించుకునే దారి లేకపోలేదు. హారన్ పాతదైపోయిందంటే చాలు, చూపు ఆనని పెద్దాయనకు ఏం తెలుస్తుంది? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచివాడు కాబట్టి మింగేశాడు.

"తప్పు నాదే మామయ్యా. ఎర్త్ తగిలే చోట పెయింటు పూసేశాను."

"ఎర్త్ చూసుకోలేదా? మీరా?" భార్య స్టీరింగు మీద వాలిపోయి పకపకా నవ్వింది.

పెద్దాయన నవ్వలేదు. "అక్కడెందుకు పూశావయ్యా? ఎవరు చూస్తారు?"

"మీ కారు కదా మామయ్యా," అన్నాడు బాబాయి.

బాబాయి గరుకు కాగితం తీసుకుని, పట్టీ మీదా అది ఆనే చోటా ఇనుము తెల్లగా తేలేదాకా రుద్ది, హారన్ బిగించాడు. ఈసారి ఆ పాత గొంతు వీధి చివరిదాకా మోగింది.

"ఇంకోసారి కొట్టమ్మా," అన్నాడు పెద్దాయన. అలా ఎన్నిసార్లు కొట్టించాడో పక్కింటివాళ్లనే అడగాలి.

తర్వాత లేచి, బానెట్టును తడుముకుంటూ అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు దగ్గరికే వెళ్లాడు. కూతురు దిగి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఆయన తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

"నువ్వెక్కు," అని అల్లుడితో అని, కారు చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ కారులో ఆయన అక్కడ కూర్చోవడం అదే మొదలు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

దారి పొడుగునా ఆయన కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. నోరు మాత్రం ఒక్కసారి కూడా "మెల్లగా" అనలేదు.