తోడల్లుడి ఆంప్లిఫయర్

అత్తగారింట్లో అతన్ని పెద్దల్లుడు అంటారు. బయట స్కేలు అంటారు. రెండో పేరంటే అతనికి మహా ఇష్టం. లిఫ్టులు బిగించే కంపెనీలో కంట్రోల్ ప్యానెళ్లకి వైరింగ్ చెయ్యడం అతని ఉద్యోగం. అతను కట్టిన ప్యానెల్ తలుపు తీసి చూస్తే, తీగలన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒక్క వరుసలో దిగుతాయి, మలుపు దగ్గర అన్నీ కలిసే తిరుగుతాయి. తనిఖీకి వచ్చినవాళ్లు లోపలికోసారి చూసి, ఏమీ అడక్కుండా తలుపు మూసేస్తారు. స్కేలు అన్న పేరు అలా వచ్చింది. చిక్కంతా మొదటి పేరుతోనే. పెద్దల్లుడు అని ఒకణ్ణి పిలిచారంటే చిన్నల్లుడు ఇంకొకడు ఎక్కడో ఉన్నట్టే కదా.

ఇంట్లో వెనక గది పెద్దల్లుడిది. అందులో అతను గిటార్లకి వాల్వు ఆంప్లిఫయర్లు కడతాడు, పాతవి బాగుచేస్తాడు. వాల్వులంటే వెనకటి రేడియోల్లో ఉండే గాజుబుడ్లే. అవి వేడెక్కడానికి కాసేపు పడుతుంది, ఎక్కాక లోపల ఎర్రగా వెలుగుతాయి. ఈ కాలంలో అరచేతిలో ఇమిడే యంత్రాలు బోలెడున్నా, గిటారు వాయించేవాళ్లలో కొంతమందికి ఆ గాజుబుడ్ల గొంతే కావాలి. అలాంటివాళ్లు వెతుక్కుంటూ ఆ వెనక గదికి వచ్చేవారు. భార్య ఆ గదిని ఆయనగారి రెండో సంసారం అనేది. నవ్వుతూనే అనేది గానీ గడప దాటి లోపలికి మాత్రం వచ్చేది కాదు.

ఇక చిన్నల్లుడు. ఇతని భార్య చెల్లెల్ని చేసుకున్నవాడు, అంటే తోడల్లుడు. కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములు సరిచేసే పని. పెళ్లైన కొత్తలో ఓసారి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లి, ఆ గది ముందు నిలబడిపోయాడు. "అన్నయ్యా, ఇవి నాకూ నేర్పవా?" అన్నాడు. పెద్దల్లుడు పొంగిపోయాడు. అప్పటిదాకా ఆ ఇంటికి వచ్చినవాళ్లెవరూ ఆ మాట అడగలేదు మరి. తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ దగ్గరుండి నేర్పాడు. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో కరెంటు దాక్కుని ఉంటుందనీ, ముందు దాన్ని దించెయ్యాలనీ, రెండో చెయ్యి జేబులో పెట్టుకునే లోపల వేలు పెట్టాలనీ చెప్పాడు. మరిచిపోతే తను వాళ్లింటికి మరదల్ని ఓదార్చడానికి రావాల్సొస్తుందని కూడా చెప్పాడు.

నేర్చుకున్నవాడు నేర్చుకున్నట్టు ఉంటే ఈ కథే లేదు. చిన్నల్లుడు తనింట్లో, మంచం కింద సామాను పెట్టుకుని, సొంతంగా కట్టడం మొదలెట్టాడు. మొదటి రెండూ ఏడ్చినట్టున్నాయి. పెద్దల్లుడు వాటిని చూసి ఎంతో ఓపిగ్గా, ఎంతో ప్రేమగా తప్పులు చెప్పాడు. తప్పులు ఉన్నన్నాళ్లూ ఆ ప్రేమకి లోటు రాలేదు. ఆ తర్వాత తప్పులు తగ్గుతూ వచ్చాయి, ప్రేమా తగ్గుతూ వచ్చింది. వెనక గదికి వచ్చేవాళ్లు దారి మార్చి కళ్లజోళ్ల దుకాణం ముందు ఆగడం మొదలెట్టాక అది పూర్తిగా అడుగంటింది. అసూయని అసూయ అనుకోవడానికి మనిషికి మనసొప్పదు. పెద్దల్లుడు దాన్ని "పద్ధతి" అన్నాడు. వాడి పనిలో పద్ధతి లేదండీ, ఆ తీగలు చూడండి, ఉప్మా కలియబెట్టినట్టు, అనేవాడు కనిపించినవాళ్లందరితో. కనిపించినవాళ్లకి తీగలతో పనేమిటి? వాళ్లకి కావలసింది మోత.

అన్నిటికన్నా గిటారు మాస్టారు వెళ్లిపోవడం అతన్ని దెబ్బతీసింది. మాస్టారు బళ్లో పిల్లలకి సంగీతం చెబుతాడు, సాయంత్రాలు తన బృందంతో వాయిస్తాడు. ఎన్నో ఏళ్లుగా పెద్దల్లుడి మనిషి. అలాంటివాడు చిన్నల్లుడి దగ్గర కొత్త ఆంప్లిఫయర్ చేయించుకున్నాడని, అదీ మరదలి నోటి వెంట, అదీ ఫోనులో, అదీ స్పీకరు పెట్టిన ఫోనులో తెలిసింది. ఆ పూట పెద్దల్లుడికి అన్నం సయించలేదు. ఏమైందండీ అంటే ఎండ అన్నాడు. బయట వాన పడుతోంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం మాస్టారు ఆ ఆంప్లిఫయర్‌నే మోసుకుంటూ వెనక గదికి వచ్చాడు.

"స్కేలన్నా, ఏమనుకోకు. ఇది చిటపటలాడుతోంది. మీ తమ్ముడేమో దుకాణం పని మీద ఊరెళ్లాడు, శనివారం పొద్దున గానీ రాడట. ఆ సాయంత్రమే మాకు పెద్ద హాల్లో కచేరీ."

"అనుకోవడానికేముంది, పెట్టు" అన్నాడు పెద్దల్లుడు. అనుకోవడానికి చాలా ఉంది.

మాస్టారు వెళ్లగానే వెనక రేకు విప్పాడు. లోపల తీగలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఒకటి పైనుంచి వంగి, ఇంకొకటి అడ్డంగా సాగి, మరొకటి మూలకి ఒరిగి, దేనికీ దేనితోనూ సంబంధం లేదు. ఫోటో తీసి అందరికీ పంపిద్దామనిపించింది. జబ్బు మాత్రం చిన్నదే. ఒక వాల్వు కూర్చునే సాకెట్లో రేకులు వదులయ్యాయి, అంతే. సూదితో వాటిని దగ్గరికి నొక్కి, వాల్వు మళ్లీ గుచ్చి, స్విచ్ వేశాడు. చిటపట పోయింది. గోడకి ఆనించి ఉన్న పాత గిటారు తగిలించి, తనకి వచ్చిన నాలుగు మెట్లూ వాయించాడు.

ఆ మోత విని అతని చెయ్యి ఆగిపోయింది. గట్టిగా మీటితే గరగరమంటూ మీదికొచ్చింది, మెల్లగా మీటితే పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. తను ఇన్నేళ్లూ కట్టిన వాటిలో ఒక్కటీ ఇలా పలకలేదు. తలుపు దగ్గర అలికిడైతే తలెత్తాడు. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ భార్య నిలబడి ఉంది. గడప లోపల నిలబడి ఉంది.

"ఎంత బాగుందండీ. ఇది మీరు కొత్తగా కట్టిందా?"

"కాదు."

"మరి?"

"మీ మరిదిగారిది" అన్నాడు.

"ఓహో" అని ఆవిడ వెళ్లిపోయింది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, పొయ్యి మీద పాలున్నాయి. కానీ పెద్దల్లుడి ఒళ్లు భగ్గుమంది. నేను నేర్పాను కదా, సూదిలో దారం ఎక్కించినట్టు దగ్గరుండి నేర్పాను కదా, ఆ చేతికి వచ్చింది నా చేతికెందుకు రాదు? ఏడుపొచ్చింది అతనికి, ఏడవడానికి సిగ్గేసింది. కళ్లు మళ్లీ ఆ తీగల మీద పడ్డాయి. ఇంత చిందరవందరగా ఉంటేనే ఇలా పలుకుతోందే, పద్ధతిగా కడితే ఇంకెలా పలకాలి? అప్పుడు ఆ పలుకు ఎవరిదవుతుంది?

అక్కడ ఆగాల్సినవాడు ఆగలేదు. ప్లగ్గు పీకి, కరెంటు దించి, తీగలన్నీ ఊడదీశాడు. కొత్త తీగలు కొలిచి కోసి, వరుసగా పరిచి, దారంతో కట్టకట్టి, మలుపు దగ్గర అన్నిటినీ కలిపి తిప్పాడు. సాయంత్రానికి లోపల లిఫ్టు ప్యానెల్‌లాగా తయారైంది. చూసుకుని మురిసిపోయాడు. స్విచ్ వేశాడు. వాల్వులు ఎర్రబడగానే ఆంప్లిఫయర్ కీచుమని కూత పెట్టింది.

ఇక్కడ జరిగింది చెప్పాలి. చిన్నల్లుడు ఆ తీగల్ని ఎలాపడితే అలా వదిలెయ్యలేదు. తన భార్య గిటారు మీటుతుంటే, ఎండు చెక్కపుల్లతో ఒక్కో తీగనీ అటూ ఇటూ నెడుతూ, ఏది ఎక్కడుంటే మోత బాగుంటుందో విని అక్కడ ఆపాడు. ప్రతి వంకరా చెవి చెబితే వచ్చిందే. పెద్దల్లుడి ఆంప్లిఫయర్లు నెమ్మదివి కాబట్టి వరుసలో కట్టినా ఊరుకునేవి. ఇది దుడుకుది. లోపలికి వచ్చే తీగనీ బయటికి పోయే తీగనీ పక్కపక్కన పడుకోబెడితే ఊరుకోలేదు.

పెద్దల్లుడు మీటరు పెట్టి చూశాడు. అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి, కూత కూతలాగే ఉంది. పాత తీగలు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోబోయాడు. వెక్కిరించడానికి చూశాడు తప్ప గుర్తుపెట్టుకోవడానికి చూడలేదు. చివరికి చేసేదిలేక ఓ చిన్న కండెన్సరు అడ్డంగా అతికించాడు. కూత ఆగింది, దాంతోపాటు ఆ గొంతూ ఆగింది. ఇప్పుడు మోత దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది.

మాస్టారు వచ్చి వాయించి చూసి, మొహం అదోలా పెట్టాడు. "చిటపట పోయిందన్నా. కానీ జలుబు చేసినట్టు లేదూ?"

"లోపలంతా అస్తవ్యస్తంగా ఉంటే సరిచేశాను. అలవాటు పడాలి" అన్నాడు పెద్దల్లుడు, అతని మొహం చూడకుండా.

శనివారం మధ్యాహ్నం హాలు నుంచి ఫోనొచ్చింది. జలుబు వదల్లేదు, తోడల్లుళ్లిద్దరూ రావాలన్నాడు మాస్టారు. పెద్దల్లుడు వెళ్లేసరికి చిన్నల్లుడు వేదిక వెనక బల్ల మీద ఆంప్లిఫయర్‌ని బోర్లించి స్క్రూలు విప్పుతున్నాడు. రేకు ఊడింది. చిన్నల్లుడు లోపలికి చూశాడు. ఆ దారపు కట్టలు, ఆ మలుపు ఎవరి చేతివో అతను కళ్లు మూసుకుని కూడా చెప్పగలడు. అడ్డంగా అతికించిన చిన్న కండెన్సరుని స్క్రూడ్రైవరు పిడితో ఓసారి తట్టి చూశాడు.

"ఏమిటయ్యా సంగతి?" అన్నాడు మాస్టారు.

"తప్పు నాదే మాస్టారూ" అన్నాడు చిన్నల్లుడు మెల్లగా. "నేను కట్టిన తీరు మంచిది కాదు. ఎప్పుడో ఒకప్పుడు కూత పెట్టేదే. అన్నయ్య కనిపెట్టి ఆపాడు. లేకపోతే ఇవాళ జనం ముందు పరువు పోయేది."

మాస్టారు మొహం గంటు పెట్టుకున్నాడు. "అలాంటిది నాకెలా అంటగట్టావు? ఇకనుంచి నా సామాను స్కేలన్న దగ్గరికే" అని పెద్దల్లుడి భుజం తట్టాడు.

ఇన్నాళ్లూ పెద్దల్లుడు కోరుకున్నది ఇదే. మాస్టారు తిరిగొచ్చాడు, తోడల్లుడు తలొంచుకున్నాడు, అదీ మాస్టారి ముందు. చంకలు గుద్దుకోవాల్సిన సమయం. కానీ లోపల ఇంకేదో రాజుకుంది. తను ఏళ్ల తరబడి పళ్లు నూరుకుంటూ కావాలనుకున్న పేరుని వీడు చెమట తుడుచుకున్నంత తేలిగ్గా తీసి ఇచ్చేశాడు. అంత ఇచ్చేసినా వీడి దగ్గర తరగనిది ఇంకా ఉంది. మోత విషయంలో పడ్డ కుళ్లు దీని ముందు ఎంత? దాన్నైనా భరించగలడు గానీ దీన్ని భరించలేడు.

"అబద్ధం" అన్నాడు పెద్దల్లుడు.

మాస్టారు తిరిగి చూశాడు.

"వాడు చెప్పేది అబద్ధం మాస్టారూ. సూదితో ఓ రేకు నొక్కితే బాగైపోయింది. బాగైపోయాక విన్నాను. నాకంటే బాగా కట్టాడు. ఓర్చుకోలేక ఊడబెరికాను. కూత నా తీగలది, జలుబు నా కండెన్సరుది."

మాస్టారు టీ తాగొస్తానని బయటికి వెళ్లిపోయాడు. ఇద్దరే మిగిలారు. చిన్నల్లుడికి నిజంగానే కోపం వచ్చింది. పెద్దల్లుడు అతనిలో కోపం చూడడం అదే మొదటిసారి.

"సర్దేశాను కదా అన్నయ్యా. నోరు మూసుకుని ఉంటే పోయేది కదా. నీ మాట నువ్వే ఎందుకు పోగొట్టుకున్నావు?"

"అన్నిట్లోనూ నువ్వేనా?" అన్నాడు పెద్దల్లుడు. "మోత నీదే అయింది. మా ఆవిడ మెచ్చుకోలూ నీకే వచ్చింది. మంచితనం కూడా నువ్వే పట్టుకుపోతే నాకేం మిగుల్తుందిరా? ఇదొక్కటైనా నన్ను చెయ్యనియ్యి."

చిన్నల్లుడు సంచీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి ప్లగ్గు పెట్టాడు. పెద్దల్లుడు కత్తెర అందుకుని, తను కట్టిన దారాల్ని ఒక్కొక్కటీ కోయడం మొదలెట్టాడు.