కొత్త మామిడి బేగెల్స్

బేగెల్ అంటే గారెలా చిల్లు పెట్టిన మైదా రొట్టె. ముందు మరిగే నీళ్ళలో ఉడికించి, తరువాత ఓవెన్‌లో కాలుస్తారు. ఇనుప గనుల ఊరు బచేలిలోని మా క్వార్టర్‌లో దాన్ని నేర్చుకున్నది మా ఆవిడ. విజయనగరం నుంచి పుట్టింటివాళ్ళు పంపే మామిడి తాండ్రను సన్నగా కోసి పిండిలో కలిపేది.

మా ఇంట్లో పని చేసే ఆమెది భేజ్జి దగ్గర పల్లె, దోర్ల గిరిజన మనిషి. పేరుకే పని, ఆమె, మా ఆవిడ స్నేహితులు. బేగెల్స్ చేయడం మొదటిసారి చూసి నవ్వింది.

"ఏందక్కా, ఉడకబెట్టి మళ్ళ కాలుస్తవా? అదేం తప్పు చేసింది పాపం?"

"ముందు తిను, తర్వాత అడుగు."

తిని, రెండు కొంగున కట్టుకుంది.

మూడేళ్ళ కిందట చైత్రంలో మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. నాకూ చేయాలనిపించింది. తాండ్ర లేదు. పెరట్లో రాలిన దోర మామిడికాయలను ఉడికించి, గుజ్జును బెల్లంతో దగ్గరపడేదాకా కలిపి పిండిలో వేశాను. బాగా పొంగాయి. ఎవరైనా తిని మెచ్చుకోవాలి, ఇంట్లో ఎవరూ లేరు. పనికి వచ్చిన ఆమె చేతిలో ఒకటి పెట్టాను.

"కొత్త మామిడి కాదు గదన్నా? మా ఊళ్ళ ఇంకా పండగ కాలే."

ఊరి దేవతకు పెట్టకముందు వాళ్ళు కొత్త మామిడి ముట్టరు. నాన్న కిరండూల్ రైల్వే లైన్‌లో పని చేసిన రోజుల నుంచీ ఇక్కడే పెరిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తెలియక కాదు.

"పాత తాండ్రేనమ్మా," అన్నాను. నమ్మి తిన్నది.

మర్నాడు పెరడు ఊడుస్తూ టెంకలు, తొక్కలు చూసింది. చీపురు పక్కన పెట్టి నా దగ్గరకు వచ్చింది. అప్పుడైనా ఒప్పుకోవలసింది.

"ఆ గుజ్జు మీ అక్కే చేసి డబ్బాలో పెట్టి వెళ్ళింది. తాండ్రేనని చెప్పింది. నాకేం తెలుసు?" అన్నాను.

ఆమె మరి రాలేదు. ఊళ్ళో పెద్దలకు తనంతట తానే చెప్పుకుని, కోడినిచ్చి తప్పు ఒప్పుకుందని తరువాత విన్నాను. మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తలేదు. "నానేటన్నానండీ దాన్ని?" అని మా ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. బేగెల్స్ చేయడం మానేసింది.

ఈ ఏడు దోర్నపాల్ సంతలో ఆమె చింతపండు అమ్ముతోందని తెలిసి వెళ్ళాను. అందరి ముందే చెప్పాను, అక్క తప్పేమీ లేదని, చేసిందీ నేనే, అబద్ధమాడిందీ నేనేనని.

తక్కెడ దించకుండా విన్నది. "అక్కకెరుకేనా?"

"లేదు."

"ముందు ఆమెకు చెప్పన్నా. తర్వాత ఆమెను రమ్మను. నువ్వు రాకు."

ఇంటికి వచ్చి చెప్పాను. మా ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"మూడేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. మీరు పక్కనే కూకున్నారు గదా," అంది.

తరువాతి సంతకు ఒక్కతే బస్సెక్కింది. సాయంత్రం తిరిగి వచ్చి, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. అడిగే హక్కు నాకు లేదు.