పెద్దాయన వస్తేనే లైట్లు

పాలకొల్లులో ఆ రోజు ఆడపిల్లల షటిల్ పోటీలు పెట్టింది పెళ్ళిళ్ళ హాల్లో. కుర్చీలు తీసేసి, నేల మీద గీతలు గీసి, మధ్యలో నెట్ కట్టి, గుమ్మంలో "ఇండోర్ స్టేడియం" అని రాసేశారు. గీతలు గీస్తే స్టేడియం అయిపోతుందని నాకు అంతవరకు తెలియదు. నాది పెళ్ళిళ్ళూ, ఓణీల ఫంక్షన్లూ తీసే స్టూడియో. ఆడపిల్లల ఆటలకి ఆడ ఫోటోగ్రాఫర్ అయితే మర్యాదగా ఉంటుందని నన్ను పిలిచారు.

కిటికీలన్నిటికీ చీఫ్ గెస్టు గారి ఫ్లెక్సీలు కట్టేశారు. బయట ఎండ మండిపోతోంది. ఫ్లెక్సీల్లోంచి ఆయన దండం పెడుతూ ఆ ఎండని ఆపేస్తున్నాడు. కోర్టుకి ఆ చివర ఒక ట్యూబ్‌లైటు, ఈ చివర ఒకటి. స్టేజీ చుట్టూ మాత్రం పెళ్ళికి వేసే పెద్ద లైట్లు వరసగా ఉన్నాయి, అన్నీ ఆర్పేసి. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం. పోటీలు పెట్టినాయన బట్టల కొట్టు యజమాని. ఆయన దగ్గరికెళ్ళి లైట్లు వెయ్యమన్నాను.

"పెద్దాయన అడుగు పెట్టగానే అన్నీ ఒక్కసారి వెలగాలండి మేడమ్ గారూ. ఇప్పుడే వేసేస్తే ఇంకేం ఎఫెక్టు ఉంటదండి?"

"మరి పిల్లలు చీకట్లో ఆడాలా?"

"పొద్దుట్నుంచీ ఆడతానే ఉన్నారు కదండి. మీకు కనపడకపోతే ఫ్లాష్ కొట్టండి."

"షటిల్ కోసం పైకి చూసే పిల్ల కళ్ళల్లో ఫ్లాష్ కొడితే దానికేం కనిపిస్తుందండి?"

"పెళ్ళికూతుళ్ళు ఓర్చుకోవట్లేదేంటండి?"

"పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చుంటుంది. ఈ పిల్ల తలెత్తి ఆడాలి."

ఆయన నవ్వేసి, స్టేజీ మీద పెళ్ళికొడుకు కుర్చీకి కొత్త తువ్వాలు పరచడానికి వెళ్ళిపోయాడు. చీఫ్ గెస్టు గారు కూర్చునేది అందులోనే. పిల్లల ఆటంటే తనకి ప్రాణమని ఫ్లెక్సీ కింద తన పేరుతో వేయించుకున్నది కూడా ఈ బట్టల కొట్టాయనే. ఛీ, సిగ్గులేని జన్మ అనుకున్నాను.

ఫైనల్‌కి వచ్చిన ఇద్దరిలో ఒక పిల్ల సముద్రం ఒడ్డు ఊరిది. తల్లి మా మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆట మొదలవకముందే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, నేను ఆడతన్నప్పుడు ఒక్క ఫోటో బాగా తీస్తారా? మా అమ్మ నా ఆట ఎప్పుడూ చూళ్ళేదండి. బేరం వదిలేసి రాలేదు కదండి."

తీస్తానని మాటిచ్చేశాను. నా నోటికి తొందరెక్కువ. ఆ పిల్ల ఆట చూడాలి, అబ్బో! చెయ్యి లేవడం కనిపించేది గాని దిగడం కనిపించేది కాదు. కెమెరాకీ అదే గతి. మామూలుగా తీస్తే చెయ్యి ఉండాల్సిన చోట పొగలాంటిదేదో వచ్చింది. తక్కువ వెలుతురుకి సరిపోవాలని కెమెరాలో ఐఎస్ఓ పెంచితే మొహమంతా బొంబాయి రవ్వ జల్లినట్టు చుక్కలు. చివరికి ఆ పిల్లే గెలిచింది. చెమటలు కారుతుండగా పరిగెత్తుకొచ్చి కెమెరాలో ఒక్కొక్క ఫోటో చూసుకుంది.

"ఇది నేనేనా ఆంటీ?" అంది. కెమెరా నా చేతికిచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడొచ్చాడు పెద్దాయన, ఆటలన్నీ అయిపోయాక. లైట్లన్నీ భగ్గున వెలిగాయి. ఆయనకి శాలువా, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. ఆడి అలిసిపోయిన పిల్లలకి తలో మజ్జిగ ప్యాకెట్టు. క్రీడల మీద చాలాసేపు మాట్లాడి, గెలిచిన పిల్లతో తానూ ఒక షాట్ ఆడతానన్నాడు, పేపర్లో ఫోటో కోసం. బట్టల కొట్టాయన పిల్ల చెవిలో, నాకూ వినిపించేలాగే, "మెల్లిగా వెయ్యమ్మా. సార్ కొట్టింది తియ్యకు, వదిలెయ్" అన్నాడు. పిల్ల సరేనని తలూపింది.

నేను ఊరుకోలేకపోయాను. ఆయన అటు తిరగ్గానే, "అమ్మాయ్, ఇప్పుడు లైటుంది. ఆడు" అన్నాను.

పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని సర్వీసు వేశాడు. షటిల్ నెట్‌కి తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు, దేనికో మరి! రెండోది ఎత్తుగా లేచింది. పిల్ల ఎగిరింది. ఆ ఊపు చూసి, పిల్ల ఇంకా గాల్లో ఉండగానే ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని వంగిపోయాడు. నేను కెమెరా నొక్కేశాను. షటిల్ వచ్చి ఆయన వీపు మీద తగిలింది. వెనక నుంచి ఎవరో పిల్లలు ఈల వేశారు.

"ఆ ఫోటో కెమెరాలోంచి తీసెయ్యండి మేడమ్ గారూ, పుణ్యముంటది" అని బట్టల కొట్టాయన బతిమాలాడు. అలాగేనండి అన్నాను. తీసెయ్యలేదు.

మర్నాడు ఫోటో వేయించి మార్కెట్‌కి తీసుకెళ్ళాను. తల్లి తట్ట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. చేతులు కడుక్కుని, చీర చెంగుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసింది. గాల్లో పిల్ల, బిగించిన పళ్ళు, చెమట బొట్లతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"ఓలమ్మో, ఇంతెత్తు ఎగురుద్దా ఇది?" అంది. కళ్ళు నిండాయి. కాసేపటికి ఫోటో నా ముందు పెట్టి అడిగింది. "ఈ వంగినాయన ఎవరండి, మా పిల్లకి అడ్డంగా? ఈయన్ని తీసెయ్యడం అవుద్దా అమ్మా?"

స్టూడియోకెళ్ళి తీసేసి ఇంకోటి వేయించి తెస్తానన్నాను.

"మళ్ళీ మీకెందుకండి శ్రమ" అంటూ ఆవిడ పెద్దాయన ఉన్న మేరకి ఫోటోని వెనక్కి మడిచేసి, కాటాకి ఆనించి నిలబెట్టింది. ఇంతలో కొరమీను అడగడానికి ఎవరో వచ్చారు. ఆవిడ ధర చెప్పలేదు.

"ముందు ఇది చూడండి" అంది. "మా పిల్ల."