పడవలో పోసిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో వంశధారకు వంతెన లేదు. ఇప్పుడు కార్లలో రెండు నిమిషాల్లో దాటేసి, కింద ఏరుందో ఎడారుందో కూడా చూడకుండా పోతున్నారు గానీ, ఆ రోజుల్లో అవతలి గట్టుకు వెళ్ళాలంటే మా మావ పడవే దిక్కు. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఊరి రైతుల పొలాలు చాలావరకు అవతలే ఉండేవి. ఏడాది పొడుగునా వాళ్ళని దాటిస్తే, కోతలయ్యాక ఇంటికిన్ని కుంచాల చొప్పున ధాన్యం కొలిచేవారు. మేం తినే అన్నం అదే. కోతల నాటికి రేవులో పడవ లేకపోతే ఊరు ఇంకో పడవవాణ్ణి పిలుచుకుంటుంది, అందులో మొహమాటమేమీ ఉండదు.

నేను అమ్మమ్మ దగ్గరే ఉండి చదువుకునేదాన్ని. పదేళ్ళుంటాయేమో. ఆ ఏడు దసరా వెళ్ళగానే తుపాను పట్టింది. పైన ఒడిశా కొండల్లో కురిసిందంతా మా ఏటిలోకే వచ్చి పడింది. పడవని కట్టిన మోకు తెగిపోవడం నేను కళ్ళారా చూశాను. మా మావ గట్టు వెంట అరుచుకుంటూ పరిగెత్తాడు, అరిస్తే ఆగుతుందా? మూడో రోజున కబురొచ్చింది, కళింగపట్నం దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట, సరుగుడు చెట్ల మధ్య ఇసుకలో కూరుకుపోయి ఉందని. ఎనిమిది మంది వెళ్ళి, ఇసుక తవ్వి, ట్రాక్టరు మీద తెచ్చి మా పెరట్లో దుంగల మీద పెట్టారు. ఒక పక్క మూడు పలకలు పగిలిపోయాయి. మా మావ ఆ చీలికల్లో చెయ్యి పెట్టి ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను, చాలా భయమేసింది.

ఆ పడవ బ్యాంకు అప్పుతో కట్టించింది. బ్యాంకువాళ్ళే దానికి ఇన్సూరెన్సు కూడా చేయించారట. ఆ కాగితం అమ్మమ్మ తగరపు డబ్బాలో మడత విప్పకుండా పడి ఉండేది. మా మావ దాన్ని జేబులో పెట్టుకుని పట్నం వెళ్ళాడు.

ఇక్కడ మేం చేసిన ఘనకార్యం చెప్పాలి. ఏటిపాలై తిరిగొచ్చిన పడవని బురదతో రాత్రి ఉంచకూడదని మా ఇంట్లో ఆనవాయితీ. పొద్దు గుంకేలోగా కడగాలి, చీలికల్లో గుడ్డ కుక్కి బంకమట్టి మెత్తాలి, పసుపు రాసి బొట్టు పెట్టాలి. పుండు తెరిచి ఉంచి గంగమ్మకు చూపించకూడదనేది అమ్మమ్మ. ఆవిడ నడుం వంగక, ఆ పని నాకు అప్పగించింది. నేనా, అసలే అతి ఉత్సాహం మనిషిని! మట్టి మెత్తి, నున్నగా పామి, దాని మీద పసుపు ఎంత దట్టంగా పట్టించానంటే, ఎక్కడ పగిలిందో నాకే తెలియనంత. అమ్మమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది.

మర్నాడు మావ వచ్చాడు. పడవని చూసి పెరటి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఇన్సూరెన్సు ఆఫీసరు వచ్చి చూసేదాకా పడవ మీద చెయ్యి వెయ్యొద్దని బ్యాంకులో మరీ మరీ చెప్పి పంపారట. ఆయన చూసి రాసిస్తేనే టింబరు డిపోవాడు ఆ కాగితం మీద కర్ర ఇస్తానన్నాడట. లేకపోతే లేదు.

"ఎవులు సేసినారే ఇది?" అన్నాడు. నేను నోరు తెరవకముందే చెయ్యెత్తాడు.

"గుంట మీద సెయ్యేస్తే ఊరుకోను," అంటూ అమ్మమ్మ అడ్డం వచ్చింది. "సెప్పింది నాను. కొడితే నన్ను కొట్టు."

ఆయన కొట్టలేదు. ఇంట్లోకి వెళ్ళి గొడ్డలి తెచ్చాడు. "రేపొస్తాడు ఆ బాబు. ఇరిగిందాన్నే మళ్ళీ ఇరగ్గొడతన్నాను, దీన్లో తప్పేటి?" అన్నాడు. నాకూ తప్పేమీ కనిపించలేదు, నిజం చెప్పొద్దూ. నేను కప్పిపెట్టింది ఆయన విప్పుతున్నాడు, నా పాపం పోతుంది అనుకున్నాను. అమ్మమ్మ మాత్రం ఆ వంగని నడుంతోనే పడవలోకి ఎక్కి కూచుంది.

"నీ దెబ్బా ఏటి దెబ్బా కలిసిపోతే రేపు ఏటని సెప్తావురా? ఏరు కొట్టింది ఏరే సూపిస్తాది, గొడ్డలి లోపలెట్టు."

ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. నేను నా చేతులకున్న పసుపు పోవాలని బొగ్గుపొడితో తోముకున్నాను.

ఆఫీసరు బస్సు దిగి, ప్యాంటు మడుచుకుని బురదలో నడిచి వచ్చాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగానే ఉంది కదండీ, పూజ కూడా చేశారు. నన్నేం రాయమంటారు?" అన్నాడు. మావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్షణాన భూమి చీలితే అందులోకి వెళ్ళిపోదును.

అమ్మమ్మ ఆయనకు పీట వేయించి, "కూసో బాబూ, కొంచెం సేపు," అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళని బిందెలు పట్టుకుని రమ్మంది. మేస్త్రులు కొత్త పడవ కట్టినప్పుడు దాన్ని ఏటిలో దించకముందు లోపల నీళ్ళు పోసి, ఎక్కడ కారుతుందో చూసుకుంటారు. ఆవిడ చేయించింది అదే. నేనూ నా చిన్న బిందెతో పరిగెత్తాను, ఎన్నిసార్లు తిరిగానో నాకు తెలియదు. పడవలో నీళ్ళు మూరెడెత్తు వచ్చేసరికి నేను మెత్తిన మట్టి కరిగింది, గుడ్డలు జారి పడ్డాయి, మూడు పలకల్లోంచి పచ్చటి పసుపు నీళ్ళు భళ్ళున కారాయి. ఆఫీసరు పీట మీంచి లేచి, నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూచుని, సుద్దముక్కతో ఒక్కొక్క చీలిక గుర్తుపెట్టాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

వెనకవైపు అడుగు పలకలోంచి కూడా సన్నగా ధార కడుతోంది. ఆయన అక్కడా గీత గీశాడు. అప్పుడు మా అమ్మమ్మ, అడగని మనిషికి, తనంతట తానే చెప్పింది.

"అది వద్దు బాబూ. అది పాతది. నిరుడు రాయి కొట్టింది. ఏటి పని కాదు."

మావ ఆవిడ వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. ఆ పలకే అన్నిటికన్నా పొడుగు, అన్నిటికన్నా ఖరీదు, ఇక మార్చక తప్పనిది. ఆఫీసరు అరచేత్తో ఆ గీత తుడిచేశాడు. ఆ తరవాత ఆయన దేన్నీ అనుమానించలేదు. అమ్మమ్మ ఏరు కొట్టిందన్నదల్లా రాసుకున్నాడు. కాగితం చేతికిచ్చి, ఇక బాగు చేయించుకోండని వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగాడో లేదో, మావ విరుచుకుపడ్డాడు. "నిజం నువ్వు సెప్పేసినావు, సెక్క నానెక్కడ తేవాలి?"

ధాన్యం గదికి తాతయ్య నాడు పెట్టించిన టేకు తలుపు ఉండేది, నిలువెత్తు పలకలది. అమ్మమ్మ దాన్ని చూపించి, "సెప్పింది నాను. నా తలుపు తీసుకెల్లు," అంది. మేస్త్రి వచ్చి ఊడదీశాడు. కోతలకు వారం ముందే పడవ నీట పడింది. రేవు మాదే అయింది, ధాన్యమూ వచ్చింది. కానీ ఆ గదికి మళ్ళీ తలుపు రాలేదు. అమ్మమ్మ పోయేదాకా అక్కడ గోనెపట్టా వేలాడుతూనే ఉంది. ఎలుకలతో వేగలేక ఆవిడ రాత్రిళ్ళు కర్ర పట్టుకుని కూచునేది. నాకు ఆవిడ మీద కోపమొచ్చేది. అడిగారా పెట్టారా, ఎందుకు చెప్పాలి అనుకునేదాన్ని. మావ కూడా చాలాకాలం ముభావంగానే ఉన్నాడు.

మొన్న వరదల్లో మా తమ్ముడి కొడుకు ఫైబరు పడవ రాళ్ళకు కొట్టుకుని పగిలింది. చేపల వేట తప్ప వాడికి ఇంకో ఆధారం లేదు. ఇప్పుడు ఆఫీసరు రాకముందే ఫోనులో ఫోటోలు తీసి పంపాలట. నేను తోడు వెళ్ళాను. కొత్త దెబ్బలన్నీ తీశాక, ఇంజను దగ్గరున్న పాత పగులు ముందు ఆగి, "అత్తా, పాతదే గానీ ఇది కూడా ఫోటో తీసేస్తన్నాను, ఏటంటావు?" అన్నాడు.

వెంటనే వద్దనలేకపోయాను. వాడి ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఎవరూ చూడడం లేదు, వాడు నన్ను అడగకుండా ఫోటో తీసేసినా అది పాతదని నాకు తెలిసేది కాదు. మా అమ్మమ్మ ఆఫీసరుకు చెప్పిన మాట ఎప్పుడూ గుర్తుంది గానీ, మావకు తలుపు చూపించి చెప్పిన మాట బరువు నాకు అప్పుడు తెలిసింది.

"అది పాతదిరా. వద్దు," అన్నాను. "దాని సంగతి నేను చూస్తాను."

ఇంటికి వచ్చి, మా అమ్మమ్మకు ఇవ్వడానికి తలుపుండేది, నాకేముంది అని ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకున్నాను.